మక్కా మసీదు: కట్టించినది ఎవరు?

"మక్కా మసీదును కట్టించినది ఎవరు?" చరిత్ర పరీక్షలో అడగదగిన చిన్న ప్రశ్న ఇది. ఒక్క మార్కు ప్రశ్న. ఒక్క పేరు వ్రాస్తే చాలును. మహమ్మద్ కుతుబ్ షా అని వ్రాసి విద్యార్థి రెండవ ప్రశ్నకు పోతాడు. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో గీటు పెట్టి మార్కు వేస్తాడు. ఇద్దరి పని తీరుతుంది. కాని అదే విద్యార్థిని హైదరాబాదుకు తీసుకొనిపోయి, ఆ మసీదు ప్రాంగణంలో నిలబెట్టి, ఎదుట ఉన్న రాతిగోడలను చూపుతూ అదే ప్రశ్న మళ్ళీ అడిగితే ఒక్క పేరుతో జవాబు చెప్పడం అంత సులభం కాదు. ఆ కట్టడం ఒకరు మొదలుపెట్టినది, ఇద్దరు కొనసాగించినది, వారి వంశాన్ని కూలద్రోసినవాడు పూర్తిచేసినది. పేర్లు తెలియని వేలమంది చేతులతో లేచినది.

చార్మినారు నుండి దక్షిణంగా నడిస్తే కుడిచేతి వైపు నాలుగడుగుల దూరంలోనే మసీదు. వీధి అంతా గాజులు, ముత్యాలు, అత్తరులు, పండ్ల బండ్లు, బేరాల కేకలు. ద్వారం దాటి లోపల కాలు పెట్టగానే ఆ రణగొణధ్వని వెనుకబడుతుంది. చెప్పులు విడిచి ముందుకు సాగితే బల్లపరుపుగా రాళ్ళు పరచిన విశాలమైన ముంగిలి. నాలుగు వైపులా ఇంచుమించు 360 అడుగుల చొప్పున ఉన్న చదరం అది. పావురాల గుంపులు వాలుతూ లేస్తూ ఉంటాయి. పడమటి వైపున, ఆకాశానికి అడ్డంగా, బూడిదవన్నె రాతితో ప్రార్థనామందిరం నిలిచి ఉన్నది.

అది పడమటి వైపుననే ఎందుకు ఉండవలెనని పిల్లలు అడగవచ్చును. ముస్లిములు ఎక్కడ ఉన్నా మక్కా నగరంలోని కాబా దిక్కుగా తిరిగి నమాజు చేస్తారు. ఆ దిక్కునే కిబ్లా అంటారు. మన దేశానికి మక్కా పడమర. కాబట్టి ఇక్కడి మసీదులకు పడమటి గోడ ముఖ్యమైనది. ఆ గోడ నడుమ గూడు వంటి తోరణం ఒకటి ఉంటుంది, అది మిహరాబు. ప్రార్థన నడిపే ఇమాము దానికి ఎదురుగా నిలబడతాడు. తక్కిన కట్టడమంతా ఆ గోడను అనుసరించి తూర్పునకు తెరచుకొని ఉంటుంది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఏ మసీదులో అడుగుపెట్టినా ఏది ఎక్కడ ఉన్నదో బోధపడుతుంది.

ప్రాంగణం మధ్య నీటి కొలను ఉన్నది. దానిని హౌజు అంటారు. నమాజుకు ముందు చేతులు, నోరు, ముఖం, పాదాలు కడుగుకోవడం నియమం. ఆ శుద్ధికి వజూ అని పేరు. కొలను దగ్గర నున్నని రాతి బల్లలు వేసి ఉన్నవి. వాటిపైన ఒకసారి కూర్చున్నవాడు ఎంత దూరం పోయినా మళ్ళీ హైదరాబాదుకు వచ్చి ఆ రాతిపైనే కూర్చుంటాడని ఊరివారి నమ్మకం. పైవూళ్ళ నుండి వచ్చినవారు నవ్వుకొంటూనే కూర్చొని పోతారు.

పునాది నాటి కథ కూడ ఇటువంటి జనశ్రుతియే. హైదరాబాదు నగరాన్ని 1591లో నెలకొల్పిన మహమ్మద్ కులీ కుతుబ్ షాకు కొడుకులు లేరు. ఆయన అన్నదమ్ముల బిడ్డ, కూతురు హయాత్ బక్షీ బేగం భర్త అయిన మహమ్మద్ కుతుబ్ షా 1612లో సింహాసనం ఎక్కినాడు. విద్యాప్రియుడు, నిష్ఠాపరుడు. నగరానికి తగిన మహామసీదును కట్టదలచి పండితులను, పెద్దలను పిలిపించి, "పన్నెండవ యేట నుండి ఒక్క నమాజైనా తప్పనివారు ముందుకు రండి, పునాదిరాయి వేయండి" అని అడిగినాడట. సభ అంతా తలలు వంచుకొన్నదట. అప్పుడు రాజు, తాను ఆ వయస్సు నుండి అర్ధరాత్రి చేసే నమాజును కూడ తప్పలేదని చెప్పి తన చేతితోనే రాయి వేసినాడట. అప్పటికి ఆయన వయస్సు ఇరవై పైన రెండుమూడేళ్ళు. కథలోని నిజానిజాల మాట ఎట్లున్నా, ఈ కట్టడాన్ని జనం రాజు వైభవానికి గుర్తుగా కాక నిష్ఠకు గుర్తుగా తలచినారని దాని వలన తెలుస్తుంది.

ఆ రాజు దీనికి పెట్టిన పేరు "బైతుల్ అతీఖ్" అని చెబుతారు. ప్రాచీన గృహం అని దాని అర్థం. కాబాకు గల పేర్లలో అది ఒకటి. ఆ పేరులో ఒక చమత్కారం ఉన్నది. మన శాసనకర్తలు రసములంటే ఆరు, వేదములంటే నాలుగు, చంద్రుడంటే ఒకటి అని సంకేతాలతో శకసంవత్సరాన్ని పద్యంలో ఇమిడ్చేవారు. అరబ్బీ, పారసీక కవులు ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క అంకె విలువ కట్టి అదే పని చేసేవారు. ఆ లెక్కన "బైత్" అన్న మాటకు 412, "అల్" అన్నదానికి 31, "అతీఖ్" అన్నదానికి 580. మూడింటిని కూడితే 1023. అది హిజ్రీ సంవత్సరం. క్రీస్తుశకం 1614తో సరిపోతుంది. పునాది 1617లో పడినదని వ్రాసినవారే ఎక్కువ. సంకల్పానికీ పనికీ నడుమ రెండుమూడేళ్ళు పట్టడం ఇంత కట్టడానికి వింత కాదు. మక్కా నుండి తెప్పించిన మట్టితో ఇటుకలు చేయించి నడిమి తోరణంలో పెట్టించినారని, అందువలననే మక్కా మసీదు అన్న పేరు వచ్చినదని ప్రసిద్ధి.

ఇక ప్రాంగణం దాటి ముఖభాగం ఎదుట నిలబడవలె. అయిదు మహా తోరణాలు వరుసగా ఉన్నవి. మందిరం పొడవు సుమారు 220 అడుగులు, లోతు 180 అడుగులు, ఎత్తు 75 అడుగులు. లోపల అయిదేసి తోరణాల చొప్పున మూడు వరుసలు, మొత్తం పదిహేను తోరణాలు కప్పును మోస్తూ ఉంటాయి. పదివేలమంది ఒక్కసారి నమాజు చేయగల చోటు అది. రంజాన్ మాసపు చివరి శుక్రవారం నాడు అదీ చాలక, ముంగిలీ చాలక, వరుసలు చార్మినారు వీధి దాకా సాగుతాయి.

ఈ గోడలను చూచిన కన్నులతోనే వెనుదిరిగి చార్మినారును ఒకసారి చూడవలె. రెండింటికీ నడుమ ఉన్నది ముప్పై ఏళ్ళ కంటె తక్కువ కాలం. కాని మనస్సు వేరు. కుతుబ్ షాహీల కట్టడాలలో ఎక్కువ భాగం రాయి, సున్నంతో లేపి పైన గచ్చుపని చేసినవి. గానుగలో ఆడించిన మెత్తని సున్నంతో పూలు, తీగలు, తామరరేకులు, గొలుసులు తీర్చిదిద్దేవారు. గచ్చు ఆరేలోగా పనివాని వ్రేళ్ళు ఎటు తిప్పితే అటు వంగుతుంది. కాబట్టి ఆ కట్టడాలు నగలు పెట్టుకొన్నట్లు ఉంటాయి. మక్కా మసీదుకు ఎంచుకొన్నది నల్లరాయి. గోలకొండ చుట్టుప్రక్కల గుట్టలు గుట్టలుగా పేరుకొని ఉన్న రాయే అది. కఠినమైన ఆ రాతిమీద గచ్చుమీద వలె సున్నితమైన పని సాగదు. తోరణాల పైని పట్టీలలో, చూరు అంచులలో పూలు, లతలు పరిమితంగా చెక్కి తక్కినదంతా నున్నగా విడిచినారు. కొన్ని తోరణాలమీద ఖురాను వాక్యాలు ఉన్నవి. చూచేవాని దృష్టి అలంకారంమీద ఆగక కొలతమీదికి పోతుంది: ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఎంత బరువు!

ఆ బరువును ఎట్లా మోసినారో వ్రాసిపెట్టినవాడు ఒక పరదేశి. ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు జాన్ బాప్తీస్త్ తావెర్నియే గోలకొండ వజ్రాలకోసం అనేకసార్లు ఈ ప్రాంతానికి వచ్చినాడు. అతని యాత్రాగ్రంథం 1676లో అచ్చయినది. నగరంలో ఒక గొప్ప "పగోడా" కట్టడం మొదలుపెట్టి ఏబది ఏళ్ళు అయినదని, ఇంకా పూర్తికాలేదని అతడు వ్రాసినాడు. ఆ కాలపు ఐరోపావారు గుడి అయినా మసీదు అయినా పగోడా అనే అనేవారు. అతడు చెప్పినది ఈ మసీదు మాటయే. ప్రార్థనకై పెట్టిన గూటి రాయి, అంటే మిహరాబు రాయి, ఒకే బండ అట. దానిని గనిలో నుండి తీయడానికి అయిదేళ్ళు పట్టినదట. ఆ అయిదేళ్ళూ అయిదారువందలమంది ఎడతెగక పని చేసినారట. బండిమీదికి ఎక్కించడానికి అంతకంటె ఎక్కువ కాలం పట్టినదట. దానిని లాగడానికి 1,400 ఎద్దులను పూన్చినారట. పూర్తి అయితే ఆసియా ఖండంలోనే ఇంతటి కట్టడం ఉండదని అతని అభిప్రాయం.

వర్తకుని లెక్కలలో ఉత్ప్రేక్ష కొంత ఉండవచ్చును. కాని రాయి కొట్టే పని ఎరిగినవారికి అది పూర్తిగా అతిశయోక్తి అనిపించదు. తెలుగునాట రాతిగుట్టల దగ్గర వడ్డెరల పని చూచినవారికి ఈ సంగతి తెలుసు. బండమీద గీత గీచి, గీత పొడుగునా ఉలితో గుంటలు తొలిచి, గుంటలలో ఇనుప చీలలు దిగగొట్టి, ఒకదాని తరువాత ఒకటిగా సమ్మెటతో మోదుతూ పోతారు. వందల దెబ్బలవరకు రాతిలో ఏ మార్పూ కనబడదు. తరువాత ఒక దెబ్బకు గీత వెంబడి పగులు పారుతుంది. తొందరపడి ఒక చీలను ఎక్కువ మోదితే పగులు ప్రక్కకు పోయి బండ చెడిపోతుంది. ఒక చిన్న బండకే ఇంత ఓర్పు కావలసి ఉండగా, మిహరాబు బండకు అయిదేళ్ళు పట్టినదంటే ఆశ్చర్యం లేదు.

ఈ పనిలో ఎనిమిదివేలమంది తాపీవారు, కూలీలు పాలుపంచుకొన్నారని చెబుతారు. వారి పేర్లు మిగులలేదు. పని నడిపించినవారిలో రెండు పేర్లు మాత్రం నిలిచినవి: మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి. ఒకటి తురుష్క సంప్రదాయపు పేరు; ఒకటి అచ్చమైన తెలుగు పేరు. మహామసీదు కొలతలు, రాళ్ళ లెక్కలు, కూలీల హాజరు ఈ ఇద్దరి కనుసన్నలలో నడిచినవన్నమాట. గోలకొండ రాజ్యం ఎట్లా నడిచినదో తెలుసుకొనడానికి పాఠ్యపుస్తకంలోని ఒక పేజీ కంటె ఈ జంటపేర్లు ఎక్కువ ఉపకరిస్తాయి.

మరొక పేరు ఊరివారి కథలో మిగిలినది. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో మూసాఖాన్ అన్న అధికారి ఈ పనికి పర్యవేక్షకుడు. మసీదుకు ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్మిడీ చొప్పున అతనికి ప్రతిఫలం ముట్టినదట. ఆ దమ్మిడీలన్నీ కూడబెట్టి 1671లో కార్వాన్ ప్రాంతంలో అతడొక మసీదు కట్టించినాడు. అదే టోలీ మసీదు. దానినే దమ్డీ మసీదు అని కూడ అంటారు. రూపాయలతో కట్టిన మసీదు నిరాడంబరంగా ఉంటే, దమ్మిడీలతో కట్టినది గచ్చుపనితో మిక్కిలి అందంగా ఉన్నది. ఒకే కాలపు రెండు కట్టడాలను ఒకే రోజున చూపదలచిన ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి జంట దొరకదు.

మహమ్మద్ కుతుబ్ షా 1626లో చనిపోయినాడు. మసీదు అప్పటికి ఎన్నో ఏళ్ళ పని మిగిలి ఉన్నది. తరువాతి అబ్దుల్లా కుతుబ్ షా 1672 వరకు రాజ్యం చేసినాడు. పని నడుస్తూనే ఉన్నది. ఆ తరువాతివాడు అబుల్ హసన్, తెలుగువారికి తానీషాగా తెలిసినవాడు. అక్కన్న మాదన్నలు మంత్రులుగా ఉన్నది, కంచెర్ల గోపన్న భద్రాద్రి గుడి కట్టించి చెరలో పడినది ఆయన కాలంలోనే. అటు భద్రాచలంలో రామమందిరం లేచినది. ఇటు రాజధానిలో రాజు తాతముత్తాతల నాటి మసీదు ఇంకా అసంపూర్ణంగానే ఉన్నది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత, లోపలివారి ద్రోహంతో తలుపు తెరచుకొని, గోలకొండ కోట ఔరంగజేబు వశమయినది. తానీషాను దౌలతాబాదు కోటలో బంధించినారు. మళ్ళీ తన నగరం చూడకుండ అక్కడనే ఆయన మరణించినాడు.

రాజ్యం పోయినది. మసీదు మిగిలినది. జయించినవాడు దానిని పడవేయించవచ్చునా అంటే అది దైవమందిరం. విడిచిపెట్టవచ్చునా అంటే మొండిగోడలు తన నిష్ఠకే మచ్చ. మిగిలిన పనిని, ద్వారాన్ని ముగింపించినాడు. 1694 నాటికి మసీదు పూర్తి అయినదని చెబుతారు. పునాది నాటినుండి అప్పటికి డెబ్బది ఏడేళ్ళు. పునాదినాడు పుట్టిన శిశువు ముగింపునాటికి ముదుసలి.

అయితే ముఖభాగం రెండు కొసలను పరికించి చూడవలె. ఎనిమిది పలకల లావుపాటి రాతి స్తంభాలు నేలనుండి లేస్తాయి. వాటిమీద కమానుల వసారా, దానిమీద గుమ్మటం. అంతే, కప్పుమీద కొద్దిగా లేచి ఆగిపోయినవి. స్తంభాల లావు చూచినవారికి వాటిమీద ఇంకా ఎత్తైన మినారులు రావలసి ఉండెనేమో అనిపించక మానదు. ఔరంగజేబు ఖర్చుకు వెనుదీసి పనిని పొట్టిగా ముగింపించినాడనే మాట చిరకాలంగా వినబడుతున్నది. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయంలో మొండిగా నిలిచిన గోపురాలను చూచినప్పుడు కూడ ఇటువంటి తలపే కలుగుతుంది. అక్కడ ముగించేవాడు రాలేదు. ఇక్కడ వచ్చినాడు, శత్రువై వచ్చినాడు.

లోపలికి పోతే బయటి ఎండ ఒక్కసారిగా తగ్గుతుంది. తోరణం వెనుక తోరణం, దాని వెనుక మరొకటి, చివర మిహరాబు. పాదాల క్రింద రాయి చల్లగా ఉంటుంది. ఎవరో మెల్లగా అన్న మాట పైకప్పు దాకా పోయి తిరిగి వస్తుంది. ఏ తోరణం ఏ రాజు కాలంలోనిదో ఇక్కడ నిలబడి చెప్పడం సామాన్య ప్రేక్షకునికి సాధ్యం కాదు. మొదటివాని రాయి, చివరివాని రాయి ఒకదానిమీద ఒకటి కూర్చొని బరువు పంచుకొంటూ ఉన్నవి. తోరణపు నియమమే అది. ఇరువైపుల రాళ్ళు ఒకదానిని ఒకటి నెట్టుకొంటూ ఉన్నంతకాలం పై బరువు క్రిందికి జారదు. ఒక వైపు తొలగితే రెండవది నిలువలేదు.

బయటికి వచ్చి ప్రాంగణం దక్షిణపు వైపు చూస్తే తోరణాలతో కట్టిన పొడుగాటి మండపం ఉన్నది. కుతుబ్ షాహీల వెనుక మొగలులు, మొగలుల వెనుక అసఫ్ జాహీలు వచ్చినారు. 1803లో మరణించిన నిజాం అలీఖాన్ మొదలుకొని 1911లో మరణించిన మహబూబ్ అలీఖాన్ వరకు అయిదుగురు నిజాములు ఈ మండపంలో నిదురిస్తున్నారు. ఏడవ నిజాము 1967లో మరణించగా ఆయనను కింగు కోఠీ ఎదుటి జూదీ మసీదులో ఖననం చేసినారు. ఆయన మనుమడు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబులులో మరణించగా దేహాన్ని ఇక్కడికే తెచ్చినారు. మసీదు కట్టిన వంశంవారి సమాధులు గోలకొండ దగ్గర ఉన్నవి. కట్టని వంశంవారి సమాధులు మసీదులో ఉన్నవి.

ఈ కాలపు గాయం కూడ ఒకటి ఈ ప్రాంగణానికి తగిలినది. 2007 మే 18, శుక్రవారం మధ్యాహ్నపు నమాజు వేళ ఇక్కడ బాంబు ప్రేలినది. తొమ్మిదిమంది చనిపోయినారు; తరువాతి అల్లరులలో పోలీసు కాల్పులకు మరి అయిదుగురు బలి అయినారు. నెత్తురు పడిన రాళ్ళను కడిగినారు. నమాజు ఆగలేదు, పావురాలు మళ్ళీ వచ్చి వాలినవి. పైకప్పులో వాననీరు దిగుతుండగా 2017 తరువాత మరమ్మతులు సాగినవి. నాలుగువందల యేండ్ల రాతికి కూడ ఏటేటా ఎవరో ఒకరు కాపు ఉండవలసినదే. సందులో మొలచిన రావిమొక్కను పెరికివేయకపోతే అది వేళ్ళు తన్ని బండలను విడదీస్తుంది. గోడమీద పేరు గీకే పిల్లవానిని వారించకపోతే వాని పేరు రంగయ్య చౌదరి పేరు కంటె పైన కనబడుతుంది.

కాబట్టి పిల్లలను వెంటబెట్టుకొని పోయే ఉపాధ్యాయుడు నమాజు వేళలు తప్పించి, తలకు గుడ్డ కప్పుకొని, మెల్లగా మాట్లాడుతూ లోపల ప్రవేశించవలె. తోరణాలను లెక్కపెట్టించవలె. స్తంభం అడుగున నిలబెట్టి తల పైకెత్తించి అది ఎక్కడ ఆగిపోయినదో చూపించవలె. ఆ తరువాత, హౌజు దగ్గరి రాతిబల్లమీద కూర్చోబెట్టి, పాత ప్రశ్న మళ్ళీ అడగవలె: "దీనిని కట్టించినది ఎవరు?"

ఒకడు మహమ్మద్ కుతుబ్ షా అంటాడు. ఇంకొకడు ఔరంగజేబు అంటాడు. మరొకడు రంగయ్య చౌదరి అంటాడు. వెనుక కూర్చున్న చిన్నవాడెవడో, బండి లాగిన ఎద్దుల మాట జ్ఞాపకం వచ్చి, అవి కూడ అంటాడు. ఎవరినీ తప్పు పట్టవలసిన పని లేదు. పరీక్షలో ఒక్క మార్కు కోసం ఒక్క పేరే వ్రాయవచ్చును. మిగిలిన పేర్లను మాత్రం మనస్సులో ఉంచుకొని ఇంటికి పోవలె.